పదకొండు దినాల కోటు

మా జడ్చర్లల చలి అంటే ఎన్ని దినాలు?
వేళ్ల మీద లెక్కపెడితే
పదకొండు.
మిగిలిందంతా ఎండ, ఉక్క, నడుమ ఇంత వాన.
అయినా కొన్న.

బాదేపల్లి సంతల పాత బట్టల మూట విప్పినోడు
స్వెటర్ల కింద, పిల్లల టోపీల కింద
ఎవరూ అడగనిదాన్ని నలిపి పెట్టిండు.
గుంజితే వచ్చింది,
బురదలకెల్లి బర్రె లేచినట్టు,
మెల్లగ, బరువుగ, తన ఇష్టానికి.
రంగేమో చెప్పరాదు.
ఇరానీ చాయ్ కాదు, జొన్నసొప్ప కాదు.
పొద్దూకేయాళ్ల పశువులు మళ్లినంక
చెలక మీద దుమ్ము లేస్తదే,
అది దిగీ దిగనట్టు నిలబడ్డప్పటి రంగు.
లోపలి పట్టీ మీద నేను సదవలేని ఊరి పేరు.
మూడు వందలన్నడు. రెండొందల ఎనభై ఇచ్చిన.
ఆ ఇరవై కోసం కొట్లాడినందుకు
ఇప్పటికీ సిగ్గే.

గఫార్ మియా మిషన్ ఆపిండు.
అద్దాలు నొసటి మీదికి తోసి
కాలర్ ఎత్తి, మడతల గోరు పెట్టి నడిపిండు.
"చేతి కుట్టు సాబ్.
చూడు, ఒక్క టాకా ఇంకోదానోలె లేదు."
చేతులు పొట్టి చెయ్యమంటే చేసిండు,
నడుము పట్టమంటే పట్టిండు,
భుజం దగ్గరికొచ్చేసరికి కత్తెర కింద పెట్టిండు.
"ఇది నేను ముట్ట.
కుట్టినోడు ఉన్నడో పోయిండో,
వాని పని మీద నా పని ఎందుకు?
నువ్వే జర నిటారుగ నిలబడు, సరిపోతది."

నిలబడ్డ.
ముప్పై ఏండ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు అరుగు మీద
ఒంగి దస్తావేజులు రాసిన వీపు ఇది.
తూర్పున ఫలానా వారి చెలక, పడమర బండ్లబాట,
ఉత్తరాన వాగు.
అందరి భూములకు హద్దులు రాసి రాసి
నా ఒంటికి హద్దేదో మరిచిన.
కోటు చెప్పింది:
ఇగో, నువ్వు ఇక్కడిదాక.

మొదటి చలి పొద్దున తొడుక్కొని
పాలకోసం బయలెల్లిన.
గుండీలు కొమ్మువి, చల్లగ. అస్తరు ఇంకా చల్లగ.
పదడుగులేసేసరికి అదే వెచ్చబడ్డది,
కొత్త దోస్తు మాటల పడ్డట్టు.
జేబులల్ల పెట్టుకుంటే
చేతులకు ఏం చేయాల్నో తెలిసొచ్చింది.
కండక్టర్ "ఎక్కుండ్రి సార్" అన్నడు.
నేను బస్సు కోసం నిలబడలేదు.
అయినా ఎక్కిన.
బాలానగర్ దాక పోయొచ్చిన,
ఖాళీ పాలగిన్నెతోని.

మేనత్త ఈరవ్వకు చూపు పోయి నాలుగేండ్లు.
గొంగడి నేసే ఇంట్ల పుట్టి
ఉన్ని వడికి వడికి అరిగిన బొటనవేలు.
కోటు అంచు దొరకబట్టి రెండు వేళ్ల నడుమ రుద్దింది.
"గొర్రెది కాదు.
చింతగింజల గంజి లేదు,
వానకు తడిస్తె లేచే వాసన లేదు.
ఎవరిదిరా ఈ బొచ్చు?"
"ఒంటెది అత్తా."
"బక్రీదుకు తోలుకొస్తరు, అదా?
అంత మోటు జీవానికి గింత మెత్తదనమా!"
"కత్తెర పెట్టరంట. ఎండలు ముదిరితె
దానంతట అదే రాలుస్తదంట,
ఎనక నడిచి ఏరుకుంటరంట."
శానసేపు ఊకుంది.
"మంచి జీవం," అన్నది.
ఇంకా కొంతసేపటికి,
"ఏరుకునేటోళ్లకు ఏం గిట్టుబాటైతదో."

పన్నెండో నాటికి ఎండ మామూలే.
ఎండిన వేపాకు పరిచి
కోటును ఇనుప పెట్టెల పండబెట్టిన.

మే నెల. కరెంటు లేదు.
రేకులు టిక్కుటిక్కుమంటున్నయి.
బనీను తడిసి వీపుకంటింది.
ఎందుకో పెట్టె తెరిచి
కుడి చెయ్యి ఒక్కటే తొడిగిన, మోచేతి దాక.
చంద్రకళ విసనకర్ర ఆపి చూసింది.
"పిచ్చి లేసిందా?"
"లేదు. ఉన్నదా లేదా అని చూస్తున్న."
"ఏంది, కోటా?"

చెయ్యి బయటికి తియ్యబుద్ధి కాలే.